రూతమ్మ బూడిద అర్జీ

రాళ్లమెట్టలో ఎవరికి అర్జీ రాయాల్సి వచ్చినా రూతు గుమ్మం తొక్కాల్సిందే. రేషన్ కార్డులో మొగుడి పేరు ఉండాల్సిన చోట మేనమామ పేరు పడినా, వీధి కుళాయి తల ఎవడో ఊడబెరుక్కుపోయినా, చనిపోయి మూడేళ్లయిన మనిషికి ఓటు చీటీ వచ్చినా ఆమే రాసిపెట్టాలి. "గౌరవనీయులైన అయ్యా" అని మొదలుపెట్టి "ఇట్లు తమ విధేయురాలు" దగ్గర ఆగేలోపు ఎక్కడా తడుముకోదు. చదివింది పదో తరగతే. కానీ పదిహేనేళ్లపాటు ఒకే విషయం మీద అర్జీలు పెట్టిన మనిషికి చెయ్యి తిరగక ఏం చేస్తుంది?

ఆ విషయం బూడిద.

బెజవాడలో భవానీపురం దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకుని అరగంట బస్సులో వెళితే కరెంటు తయారుచేసే స్టేషను పొగగొట్టాలు కనిపిస్తాయి. సాయంత్రం వాటి నీడ ఎక్కడిదాకా పడుతుందో అక్కడే ఉంది రాళ్లమెట్ట. రూతు పుట్టింది కంకిపాడు దగ్గర, కాలువ నీళ్లు, వరిచేలు చూస్తూ పెరిగింది. ఇరవయ్యో ఏట సంజీవరావుని చేసుకుని ఈ ఊరికి కాపురానికి వచ్చింది. మర్నాడు తెల్లవారి వాకిట్లోకి వస్తే నేలంతా సన్నటి పొడి పరుచుకుని ఉంది. అత్తగారు బుల్లెమ్మ ముగ్గుడబ్బా ఒలకబోసుకుందేమో అనుకుంది. కొత్త కోడలు కదా, మంచిపేరు కొట్టేద్దామని జాగ్రత్తగా ఊడ్చి, చేటలోకి ఎత్తి, డబ్బాలో పోసి మూత పెట్టింది.

బుల్లెమ్మ డబ్బా మూత తీసి చూసింది. కోడలి మొహం చూసింది.

"పిచ్చిపిల్లా, ఇది ముగ్గు కాదే. మా ఊళ్లో పడే వాన ఇదే," అంది.

ఆ వాన కూరలో పడేది, పెరుగులో పడేది, పసిపిల్లల ఉగ్గుగిన్నెలో పడేది. రాళ్లమెట్ట వాళ్లు కాఫీ గ్లాసు మీద ఎడమచెయ్యి మూతలా పెట్టుకుని తాగేవాళ్లు. పరాయి ఊళ్లో పెళ్లి భోజనానికి కూర్చున్నా ఒక చెయ్యి విస్తరి మీద అడ్డం పెట్టుకునే తినేవాళ్లు. అది వాళ్ల మతంలో ఏదో పద్ధతి కాబోలనుకుని, ఒక పెళ్లిలో ఆడపెళ్లివారు మర్యాదకి తామూ అలాగే చెయ్యి అడ్డం పెట్టుకుని తిన్నారట.

రూతు అన్నీ భరించింది గానీ తెల్లచీర సంగతి భరించలేకపోయింది. నెలలో మొదటి ఆదివారం చర్చిలో రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ప్రభు బల్లకి తెల్లచీర కట్టుకుని వెళ్లడం పుట్టింటి అలవాటు. వాళ్లమ్మ మంగళగిరి వెళ్లి మరీ కొనిచ్చిన నేతచీర అది. 2009లో ఒక శనివారం దాన్ని ఉతికి తాడు మీద ఆరేసి, అన్నం వార్చి వచ్చేసరికి చీర రంగు మారిపోయింది. దులిపితే మరకలయ్యాయి. మర్నాడు ఆ చీరే కట్టుకుని వెళ్లింది. ఆ రోజు పాస్టరుగారు పరలోకంలో పరిశుద్ధులు వేసుకునే తెల్లని వస్త్రాల గురించే ప్రసంగించాలా! ఊరందరి చీరలూ అలాగే ఉన్నా, అందరూ తన కొంగే చూస్తున్నారనిపించి రూతు సిగ్గుతో చితికిపోయింది.

సోమవారం పొద్దున్నే బెజవాడ బస్సెక్కింది. కాలుష్యం సంగతి చూసే ఆఫీసులో అర్జీలు తీసుకునే బల్ల దగ్గర వెంకటసుబ్బారావు అనే గుమాస్తా కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. జేబులో నలుపు, ఎరుపు, ఆకుపచ్చ పెన్నులు మూడు పెట్టుకుని, మూతలు సరిగా ఉన్నాయో లేదో మాటిమాటికీ తడిమి చూసుకునే రకం.

"విషయం ఏంటమ్మా?"

"బూడిదండీ."

"బూడిద కావాలా, వద్దా?"

రూతుకి ఒళ్లు మండింది. "కావాలని ఎవరైనా అడుగుతారాండీ?"

"అడుగుతారని కాదమ్మా. కాయితంలో స్పష్టంగా ఉండాలి," అని అతను నల్లపెన్నుతో 'వద్దు' అని రాసుకుని, అర్జీకి 417 అని నంబరు వేశాడు.

అప్పటినుంచి ఆ నంబరు రూతుకి పిల్లల పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. మొదటి జవాబులో విషయం పరిశీలనలో ఉందన్నారు. రెండోదాంట్లో సదరు బూడిద ఎవరిదో నిర్ధారించవలసి ఉందన్నారు. మూడోసారి నమూనా తెమ్మన్నారు. రూతు టిఫిను డబ్బా నిండా బూడిద కూరి పట్టుకెళ్లి ఇచ్చింది. రెండు వారాల తర్వాత డబ్బా తళతళలాడుతూ తిరిగొచ్చింది. ఆఫీసులో టీ గ్లాసులు కడిగే అటెండరు దాన్ని గిన్నెలు తోమే పొడి అనుకుని మొత్తం వాడేశాడు. వెంకటసుబ్బారావు మొహమాటపడుతూనే ఫైల్లో 'నమూనా వినియోగమైనది' అని రాశాడు.

"ఇంకాస్త ఉంటే తెండమ్మా, మసి భలే వదిలింది," అన్నాడు అటెండరు.

ఆ రోజు రూతు తిరుగు బస్సులో ఏడ్చింది. దుఃఖం కాదు, ఒట్టి కోపం. కానీ ఇల్లు చేరేసరికి కోపం పోయి అటెండరు మాట మిగిలింది. తాము ఊడ్చి ఊడ్చి నడుములు పడిపోయేలా పారబోస్తున్న దాన్ని ఒక మనిషి ఇంకాస్త తెమ్మన్నాడు. అలా అడిగినవాడు ఆమె జీవితంలో అతనే మొదటివాడు.

ఆ మాట ఏడేళ్లు నానింది. 2016లో రూతు, పక్కింటి హెలెన్, మరో తొమ్మిదిమంది కలిసి తమ ఎబెనెజరు డ్వాక్రా సంఘం పేరుతో ఊరి చివర రేకుల షెడ్డు వేసి ఇటుకల మిషను పెట్టారు. బూడిదలో సిమెంటు, రాతిపొడి కలిపి, తడిపి, అచ్చుకొట్టి, పది పదిహేను రోజులు నీళ్లు పట్టిస్తే ఇటుక తయారు. అప్పటిదాకా స్టేషనులో బూడిద పైపులైన్ల దగ్గర కాంట్రాక్టు కూలీగా ఉన్న సంజీవరావు ఆ పని మానేసి పెళ్లాం దగ్గర కుదిరాడు. మిక్సరు తిప్పడం అతని పని. మాట వినడం కూడా అతని పనేనని రూతు అనేది.

రూతుకి ఆ ఇటుక అంటే పిచ్చి పట్టుకుంది. బస్సు కండక్టర్లకీ, కూరగాయల వాళ్లకీ, చర్చికి వచ్చిన పరాయి పాస్టర్లకీ దాని గొప్ప చెప్పేది. కంకిపాడులో ఆమె తమ్ముడు జాన్ పాల్ ఒక ఏడు ఎర్ర ఇటుకల బట్టీవాడికి చేలో మట్టి ఇచ్చాడు. జానెడు లోతు అన్నవాళ్లు మోకాలి లోతు తవ్వుకుపోయారు. ఆ తర్వాత ఆ చేలో వరి ఎదగలేదు గానీ కప్పలు మాత్రం బ్రహ్మాండంగా ఎదిగాయి.

"మా ఇటుకకి ఎవరి పొలమూ తవ్వక్కర్లేదండీ. బట్టీ పెట్టి కాల్చక్కర్లేదు. మమ్మల్ని పాడుచేసిన బూడిదే మాకు కూడు పెడతంది," అనేది రూతు. కండక్టరు టిక్కెట్టు కొట్టి ముందుకెళ్లిపోయినా మిగతాది కిటికీకి చెప్పేది.

కొత్తలో ఊళ్లో వింత తగాదాలు కూడా వచ్చాయి. అంతకుముందు ఎవరి వాకిట్లో బూడిద వాళ్లు చూడకుండా పక్కింటి వైపు తోసేవాళ్లు. ఇటుకల మిషను వచ్చాక, మా రేకుల మీద పడాల్సిన బూడిదని మీ వేపచెట్టు అడ్డుకుంటోందని హెలెన్ ఎదురింటి వాళ్లతో వారం రోజులు పోట్లాడింది. షెడ్డుకి కావాల్సింది లారీల లెక్కన, రేకుల మీద పడేది చేటెడు. అయినా ఎవరి హక్కు వాళ్లది.

ఈలోగా స్టేషను వాళ్లు పొగగొట్టాల దగ్గర బూడిదని పట్టే కొత్త యంత్రాలు పెట్టారు. పట్టిన బూడిద కోసం సిమెంటు ఫ్యాక్టరీల ట్యాంకర్లు, రోడ్లు వేసే కాంట్రాక్టర్ల లారీలు గేటు ముందు బారులు తీరాయి. ఒకప్పుడు ఎక్కడ పొయ్యాలో తెలియక ఊరంత గుంటలో పోసి వదిలేసిన దానికి ఇప్పుడు చీటీలు, వరుస నంబర్లు. ఆ తోపులాటలో చిన్నవాళ్లు నలిగిపోకూడదని ఒక జాబితా తయారుచేశారు. దాని పేరు బూడిద బాధిత గ్రామాల జాబితా. అందులో ఉన్న ఊళ్ల సంఘాలకి మొదటి వంతు, వారానికి రెండు లారీలు. రాళ్లమెట్ట ఆ జాబితాలోకి ఎక్కడానికి కారణం 417 నంబరు అర్జీ.

పైనుంచి బూడిద పడటం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరూ సరిగా గమనించలేదు. ఒక వేసవిలో బుల్లెమ్మ దగ్గు తగ్గింది. చిక్కుడుపాదు ఆకులు ఆకుపచ్చగా ఉంటాయని పిల్లలకి తెలిసింది. పొద్దున్నే చీపురు పట్టుకుని వాకిట్లో నిలబడి, ఊడవడానికి ఏమీ కనపడక, బుల్లెమ్మ మాత్రం కొన్నాళ్లు దిగాలుపడింది. కాఫీ గ్లాసు మీద చెయ్యి పెట్టుకోవడం ఇంకా ఎవరూ మానలేదు.

అలా మూడేళ్లు గడిచాక పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది.

'తమరి 417 నంబరు అర్జీలో పేర్కొన్న సమస్య పరిష్కారమైనట్లు తెలియుచున్నది. వచ్చే మంగళవారం అధికారులు గ్రామమునకు వచ్చి విచారింతురు. బూడిద పడుట లేదని తేలినచో గ్రామమును బాధిత గ్రామముల జాబితా నుండి తొలగించి, అందు నిమిత్తము కల్పించిన సదుపాయములు ఉపసంహరించబడును.'

రూతు మూడుసార్లు చదివింది. ఊరు శుభ్రమైంది కాబట్టి లారీలు ఆగిపోతాయి. లారీలు ఆగితే షెడ్డు ఆగిపోతుంది. షెడ్డు ఆగితే పదకొండు పొయ్యిలు ఆగిపోతాయి. ఇదంతా తన చేత్తో తాను రాసుకున్న అర్జీ వల్ల.

వెంటనే వెంకటసుబ్బారావుకి ఫోను చేసింది.

"సుబ్బారావు గారూ, ఆ అర్జీ వెనక్కి తీసేసుకుంటానండీ."

"పరిష్కారం కానిదాన్ని వెనక్కి తీసుకోవచ్చమ్మా. పరిష్కారమైపోయిన దాన్ని ఎలా తీసుకుంటారు?"

"పోనీ కాలేదనుకోండి."

"కాలేదంటే బూడిద పడతన్నట్టు. పడతంటే వెనక్కెందుకు తీసుకుంటారు?"

అవతల వెంకటసుబ్బారావు గొంతు కాస్త మెత్తబడింది. "నెలాఖరుకి నేను రిటైరవుతున్నానమ్మా. నా బల్ల మీద మిగిలిపోయిన పాత ఫైలు మీదొక్కటే. అది కూడా మూసేస్తే హాయిగా ఇంటికెళ్తాను."

ఆ సాయంత్రం షెడ్డులో సంఘం కూర్చుంది. ఎవరింట్లోనైనా పాత బూడిద ఉందా అని హెలెన్ అడిగింది. అటకల మీద, అల్మారాల వెనక, ఎక్కడా లేదు. మొన్న క్రిస్మస్‌కి అందరూ ఇళ్లు కడిగేసుకున్నారు.

"బూడిదకేం కరువు? షెడ్డు నిండా ఉందిగా," అన్నాడు సంజీవరావు మిక్సరు దగ్గరనుంచి. "తెల్లారగట్ట నాలుగు బస్తాలు చల్లేస్తే పడినట్టే కదా."

అందరూ రూతు వైపు చూశారు. ఈ బూడిద పోవాలని పదిహేనేళ్లు ఆఫీసు మెట్లెక్కింది. ఇప్పుడు దాన్ని తన చేత్తో తన ఊరి మీద చల్లించాలి. వద్దని నోటిదాకా వచ్చింది. ఎదురుగా పదిమంది కూర్చుని ఉన్నారు. వాళ్లలో ఇద్దరికి మొగుళ్లు లేరు, ఒకామెకి ఉన్నా లేనట్టే.

"సరే. రేకుల మీద, వాకిళ్లలో, వీధిలో. అంతే. చర్చి దగ్గరా నీళ్ల ట్యాంకు దగ్గరా చల్లితే ఊరుకోను," అంది.

"మరి నీ తెల్లచీరక్కా? అర్జీలో మొదటి ముక్క అదేగా," అంది హెలెన్.

రూతు మొహం పక్కకి తిప్పుకుంది. "దాని మీద కూడా చల్లు. నేను చూడను."

మంగళవారం తెల్లవారుతుండగా సంజీవరావు షెడ్డు తెరిచాడు. ఎడమవైపు ఒట్టి బూడిద బస్తాలు. కుడివైపు ఆ రోజు పనికోసం బూడిదలో సిమెంటు, రాతిపొడి అన్నీ పొడిగా కలిపి పెట్టిన బస్తాలు. రంగు ఒకటే. నిద్రకళ్లతో అతను కుడివైపు బస్తాలు ఎత్తుకున్నాడు. హెలెన్ వెనకాల చేటతో బయలుదేరింది. సూర్యుడు వచ్చేసరికి రాళ్లమెట్ట 2009లోకి వెళ్లిపోయింది. ఒక ముసలాయన పళ్లు తోముకుంటూ బయటికొచ్చి, నేల చూసి, ఆకాశం చూసి, అలవాటు ప్రకారం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని లోపలికి పోయాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ బుల్లెమ్మకి డెబ్భై రెండేళ్లు. ఇంటికి మనుషులొస్తుంటే వాకిలి అలా వదిలేసిన పాపం ఆమె ఎన్నడూ చేయలేదు. ఊడవొద్దని కోడలు ముందే గట్టిగా చెప్పింది. బుల్లెమ్మ ఊడవలేదు. చాలాసేపు గుమ్మంలో నిలబడి చేతులు పిసుక్కుంది. ఆఫీసర్లు వస్తుంటే కనీసం కళ్లాపి అయినా చల్లకపోతే ఊళ్లో మనుషులున్నారనుకుంటారా, గొడ్లున్నాయనుకుంటారా అనిపించింది. రెండు బకెట్ల నీళ్లు తెచ్చి వాకిలంతా చిలకరించింది. పెద్దావిడ చల్లింది కదా, మనం చల్లకపోతే ఏం బాగుంటుందని ఎదురింటావిడ చల్లింది. ఆమెని చూసి పక్కావిడ చల్లింది. అరగంటలో వీధి వీధంతా తడిసింది. ఆ తర్వాత ఎండ కాసింది.

రూతు షెడ్డులో కాయితాలు సర్దుకుని పదకొండింటికి ఇంటికి వచ్చేసరికి బుల్లెమ్మ పెంచే కోడిపెట్ట కాళ్లకి అంటుకుని బిగిసిన సిమెంటు గడ్డలతో టకటకమని శబ్దం చేసుకుంటూ నడుస్తోంది. రూతు నేల మీద వేలు పెట్టింది. వేలు సగం దిగి ఆగింది. ఏం జరిగిందో అర్థమయ్యేలోపే జీపు వచ్చేసింది.

జీపు వీధిలో పది గజాలు వచ్చి తన చక్రాల అచ్చులు చూసి తనే భయపడి ఆగింది. ముందు భానుశ్రీ అనే కుర్ర ఇంజినీరు దిగింది. గాలిలో ధూళి కొలిచే పెట్టె భుజాన వేసుకుని, గోడ అంచునే అరుగు మీదికి ఎక్కింది. వెనకాల వెంకటసుబ్బారావు ఫైలు గుండెలకి హత్తుకుని దిగి, బుల్లెమ్మ వాకిట్లో కాలు పెట్టాడు. రెండో అడుగు వేసేసరికి కాలు వచ్చింది గానీ చెప్పు రాలేదు.

భానుశ్రీ వంగి ఒక పెళ్ల పీకి వేళ్ల మధ్య నలిపింది. నలగలేదు.

"ఇది పైనుంచి పడిందాండీ?"

"అవునండీ," అన్నాడు సంజీవరావు.

"బూడిదతో పాటు సిమెంటూ రాతిపొడీ కూడా పడతన్నాయా?"

"ఈ మధ్య అన్నీ కల్తీయేగదండీ," అన్నాడు సంజీవరావు.

రూతుకి భూమిలోకి దిగిపోదామనిపించింది. అప్పటికే ఆ దారి కూడా గట్టిపడిపోయింది. భానుశ్రీ పెట్టెని అరుగు మీద పెట్టి మీట నొక్కింది. కాసేపటికి అంకెలు చూసి, "బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఇంతకి నాలుగింతలుంటుంది. మీ ఊళ్లో గాలి ఇంత బాగుంటే ఈ నేలకేమైంది?" అంది.

"ముందు అర్జీ చదువుదాం," అన్నాడు వెంకటసుబ్బారావు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఒట్టిగా నిలబడి, పసుపుపచ్చగా మారిన కాయితం తీశాడు. "'అయ్యా, మా గ్రామమున తాడుపై ఆరవేసిన తెల్లచీర గంటలోపల బూడిదరంగునకు తిరుగుచున్నది. అట్టి చీరతో దేవుని సన్నిధికి పోవుటకు సిగ్గగుచున్నది...'"

చదవడం ఆపి తలెత్తాడు. అందరూ తలెత్తారు. పెరటివైపు తాడు మీద రూతు తెల్లచీర ఆరుతోంది. మొన్న ప్రభు బల్లకి కట్టి, సోమవారం ఉతికింది. దాని మీద ఒక్క నలుసు లేదు.

"నా చెయ్యి రాలేదక్కా," అంది హెలెన్ నెమ్మదిగా.

రూతు చీర వైపు చూస్తూ ఉండిపోయింది. మూడేళ్లుగా అది అలాగే ఉంది, కానీ తీరిగ్గా నిలబడి చూసింది ఇవాళే. తాను ఈ ఆరు గజాల తెలుపు కోసం ఎన్ని బస్సులెక్కిందో, ఎంతమంది ముందు చేతులు కట్టుకుందో అన్నీ గుర్తొచ్చాయి. దొరికిన దాన్ని దొరకలేదని చెప్పడానికి నోరు రాలేదు.

"బూడిద పడట్లేదండీ," అంది. "మూడేళ్లయింది. ఈ పొద్దుటిది మేం చల్లిందే. తప్పయింది."

కోడిపెట్ట టకటకలాడుతూ జీపు ముందునుంచి పోయింది.

"అయితే బూడిద వద్దన్నమాట," అని వెంకటసుబ్బారావు ఆకుపచ్చ పెన్ను మూత తీశాడు.

"కావాలండీ."

"అదేంటమ్మా. కావాలా, వద్దా?"

"రావాలండీ," అంది రూతు. "పైనుంచి కాదు. లారీలో."

భానుశ్రీకి నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. వెంకటసుబ్బారావుకి నవ్వే రాలేదు. అతను ఫారం తిప్పి తిప్పి చూశాడు. సమస్య ఉన్నది అని ఒక గడి, లేదు అని ఒక గడి. "మూడో గడి లేదమ్మా," అన్నాడు నిజంగానే బాధపడుతూ. లేదు అన్న గడిలో టిక్కు పెట్టాడు. రూతు సంతకం చేసింది. పదిహేనేళ్ల అర్జీ అలా గెలిచింది.

చెప్పుని గునపంతో తవ్వి తీయాల్సి వచ్చింది. భానుశ్రీ వెళుతూ వెళుతూ ఒక పెద్ద పెళ్లని కాయితంలో చుట్టి జీపులో పెట్టుకుంది.

మరుసటి వారం లారీలు రాలేదు. షెడ్డులో ఉన్న బూడిద నాలుగు రోజుల్లో అయిపోయింది. సంజీవరావు మిక్సరుకి నూనె పెట్టి గుడ్డ కప్పాడు. హెలెన్, ఇంకో ఐదుగురు కంకిపాడు వైపు పొలం పనులకి పొద్దున్నే బస్సెక్కి పోవడం మొదలుపెట్టారు. ఎవరూ రూతుని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఆదివారం చర్చిలో తల వంచుకుని కూర్చుంది. నిజం చెప్పినందుకు ఇంత దిగులుగా ఉండటం ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. అబద్ధం చెప్పి ఉంటే ఇంకా దిగులుగా ఉండేదని మాత్రం తెలుసు.

బుల్లెమ్మ మూడు రోజులు చూసి నాలుగో రోజు విసుక్కుంది.

"బూడిద వద్దని రాశావు, మానిపించారు. ఇప్పుడు కావాలని రాయి. చెయ్యి పడిపోయిందా ఏం?"

నెలాఖరు సోమవారం రూతు మళ్లీ బెజవాడ వెళ్లింది. వెంకటసుబ్బారావు బల్ల మీద ఒక్క ఫైలు కూడా లేదు. పక్కన మడత కుర్చీలో ఎవరో తెచ్చిన దండ, శాలువా ఉన్నాయి. ఇవాళే అతని ఆఖరి రోజు. రూతు వెనక్కి తిరిగిపోదామనుకుంది గానీ అతను అప్పటికే చూశాడు.

"విషయం ఏంటమ్మా?"

"బూడిదండీ."

వెంకటసుబ్బారావు నల్లపెన్ను తీశాడు. "బూడిద కావాలా, వద్దా?"

"కావాలండీ."

అతను రాసుకున్నాడు. ఆమె ఇచ్చిన కాయితం పూర్తిగా చదివాడు. బూడిద మీద పడినన్నాళ్లు మాకు మొదటి వంతు ఇచ్చారు, దాన్ని పడకుండా చేసి పనికి తెచ్చుకున్నాక వంతు తీసేస్తే ఇంకే ఊరైనా శుభ్రపడటానికి ఒప్పుకుంటుందా అని రాసింది రూతు. వెనకాల భానుశ్రీ పంపిన రిపోర్టు నకలు ఉంది. రాళ్లమెట్ట వాకిలి పెళ్లని పరీక్ష చేయగా మిక్కిలి గట్టిగా ఉన్నదనీ, ఊరి లోపలి దారులకు ఇటువంటి మిశ్రమం వాడవచ్చుననీ, ఈ పనికి ఆ ఊరి సంఘానికే బూడిద ఇవ్వడం సముచితమనీ అందులో ఉంది. కళ్లాపి సంగతి ఎక్కడా రాయలేదు.

"రిటైరయ్యే రోజు బల్ల ఖాళీగా ఉండాలనుకున్నానమ్మా," అన్నాడు వెంకటసుబ్బారావు. మాటలో నిష్ఠూరమున్నా కొత్త అట్ట తీసి, దారం ముడేసి, 2206 అని నంబరు వేశాడు. నంబరు కింద గీత గీశాడు. ఎందుకో గీత మీద ఇంకో గీత గీశాడు.

నలభై రోజుల తర్వాత ఒక పొద్దుటిపూట రాళ్లమెట్ట మలుపులో లారీ హారను మోగింది. హెలెన్ పొలం పనికి బస్సెక్కబోతూ అన్నం క్యారేజీతో సహా వెనక్కి పరిగెత్తుకొచ్చింది. సంజీవరావు మిక్సరు మీద గుడ్డ లాగి పారేశాడు. రూతు ఇంట్లోంచి చెప్పుల్లేకుండా వీధిలోకి వచ్చింది. కాళ్ల కింద ఆ మంగళవారం నేల గట్టిగా, నున్నగా ఉంది. చెప్పు తవ్వి తీసిన గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. బుల్లెమ్మ రోజూ ఆ గుంట వదిలి చుట్టూ కళ్లాపి చల్లుతుంది.

లారీ వచ్చి ఇంటి ముందు ఆగింది. డ్రైవరు దిగి, చీటీ వెతుక్కుంటూ, టార్పాలిన్ ఒక మూల విప్పాడు. గాలికి సన్నటి పొడి లేచింది. రూతు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లారీ వైపు రెండడుగులు వేసి చేతులు జోడించబోయింది.

"ఒసేయ్ రూతూ!" అని అరుగు మీదనుంచి బుల్లెమ్మ అరిచిన అరుపుకి డ్రైవరు చీటీ కింద పడేసుకున్నాడు. "ఆ పట్టా కప్పించవే ముందు! తాడు మీద తెల్లచీరుంది!"

రూతు వెనక్కి తిరిగి పెరట్లోకి పరుగెత్తింది. ముందు చీర తీసి లోపల పెట్టింది. తర్వాత వచ్చి షెడ్డు దగ్గర లారీ దింపించింది.